జిన్నులు, దయ్యాలు, బాణామతి: విశ్వాసి వైఖరి

సకల స్తోత్రాలు, కనిపించేదానినీ కనిపించనిదానినీ సృష్టించిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

సోదరులారా!

మగ్రిబ్ నమాజు ముగిసే వేళకు మన మస్జిదు గుమ్మం దగ్గర కొందరు తల్లులు బిడ్డలను ఎత్తుకొని నిలబడి ఉంటారు. వారిలో ముస్లిములూ ఉంటారు, హిందువులూ ఉంటారు. బిడ్డ రాత్రిళ్లు ఉలిక్కిపడుతున్నాడనీ, నజర్ తగిలిందనీ, గాలి సోకిందనీ చెప్పి ఊదించుకొని వెళతారు. మేము ఫాతిహా సూరా పఠించి, దువా చేసి పంపుతాము. ఇందులో మాకు ఏ అభ్యంతరమూ లేదు. అయితే కొందరు పెద్దలు అక్కడితో ఆగరు. మమ్మల్ని పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు: "ఇమాం సాబ్, ఇది ఎవరు చేసిన్రో జర చెప్పండ్రి."

ఈ శుక్రవారం ఆ ప్రశ్నకే సమాధానం చెప్పదలిచాము. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబుగా వెలువడేది ఒక మనిషి పేరు. సాధారణంగా అది ఒంటరిగా బతికే ఒక వితంతువు పేరు, లేదా ఒక వృద్ధుని పేరు, లేదా పొలం గట్టు తగాదా ఉన్న ఒక పొరుగువాని పేరు అయి ఉంటుంది.

అన్ని జాతులలో ఉన్న నమ్మకం

కంటికి కనిపించని దుష్టశక్తి ఒకటి ఉన్నదనే నమ్మకం ఏ ఒక్క మతానికో పరిమితం కాదు. యూదుల గ్రంథాలలో 'షేదీమ్' అనే దుష్టభూతాల ప్రస్తావన ఉన్నది. క్రైస్తవుల సువార్తలలో ఈసా (అ) పలువురి నుండి దయ్యాలను వెళ్లగొట్టిన వృత్తాంతాలున్నాయి. బోధివృక్షం కింద కూర్చున్న గౌతముని ధ్యానం చెడగొట్టడానికి మారుడు వచ్చాడని బౌద్ధులు చెబుతారు. పురాణాల నిండా అసురులు, రాక్షసులు, పిశాచాలు ఉన్నారు. ఇస్లాంకు పూర్వం అరబ్బులు, ఎడారిలో బాటసారులను దారి తప్పించే 'గూల్' అనే భూతాన్ని నమ్మేవారు. రాత్రివేళ ఒక లోయలో బస చేయవలసి వస్తే, ఆ లోయకు అధిపతి అనుకొన్న జిన్నును శరణు వేడేవారు.

మన గోదావరి తీరపు పల్లెలలో కొరివిదయ్యం, శాకిని, ఢాకిని, గాలి, సోకు అనే మాటలు వినని బిడ్డ ఉండడు. కాళేశ్వరం దగ్గర నది దాటి సిరోంచకు వెళితే అక్కడి మరాఠీ మాటలలో 'భానామతి' వినిపిస్తుంది. ఇవతలి ఒడ్డున మనం దానినే 'బాణామతి' అంటాము. నదికి రెండు వైపులా భాష మారింది గాని భయం మారలేదు.

ఈ మాటల పుట్టుకను గమనిస్తే ఒక విషయం బోధపడుతుంది. మనం భయంతో పలికే 'దయ్యం' అనే తెలుగు మాట 'దైవం' అనే సంస్కృత పదం నుండి వచ్చినదే. సంస్కృతంలో 'దేవ' అంటే పూజ్యుడు. ప్రాచీన పారసీకుల అవెస్తాలో దానికి సోదర పదమైన 'దయేవ' అంటే దుష్టభూతం. అంటే ఒక జాతి మొక్కిన పేరే మరో జాతికి భయకారణమైనది. అరబీలో 'జిన్ను' అనే మాటకు మూలార్థం చెడు కానే కాదు, 'మరుగున ఉన్నది' అని మాత్రమే. తల్లి గర్భంలో కనబడకుండా ఉన్న శిశువును 'జనీన్' అంటారు. చెట్లు కప్పివేసిన తోటను 'జన్నత్' అంటారు. ఈ మాటలన్నీ ఒకే ధాతువు నుండి పుట్టినవి.

పురాణాలు సైతం అసుర వంశంలో పుట్టిన ప్రతివానినీ దుష్టుడనలేదు. హిరణ్యకశిపుని కుమారుడైన ప్రహ్లాదుడు భక్తుడు. బలి చక్రవర్తి దాత. దివ్యఖుర్ఆన్ కూడా 72వ సూరా అయిన 'జిన్'లో, జిన్నులలో సజ్జనులూ ఉన్నారనీ, దారి తప్పినవారూ ఉన్నారనీ వారి నోటనే చెప్పించింది. కనుక కనిపించనిదంతా కీడే అనుకోవడం ఏ ధర్మమూ నేర్పిన పాఠం కాదు.

ఇస్లాం చెప్పినది ఎంత?

జిన్నుల ఉనికిని విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. పొగలేని అగ్నిజ్వాల నుండి అల్లాహ్ వారిని సృష్టించాడు (55:15). మనలాగే వారినీ తన ఆరాధన కొరకే సృష్టించాడు (51:56). ఇబ్లీసు ఆ జాతివాడే (18:50). అతడు అహంకారంతో ఆదం (అ) ముందు తలవంచక బహిష్కృతుడైనాడు. ఇంతవరకు సందేహం లేదు.

అయితే షైతానుకు ఉన్న బలం ఎంత? దీనికి సమాధానం షైతాను నోటనే ఖుర్ఆన్ చెప్పించింది. ఇబ్రాహీమ్ సూరా 22వ ఆయతులో తీర్పుదినపు దృశ్యం ఉన్నది. ఆనాడు షైతాను తన అనుచరులతో, మీ మీద నాకు ఏ అధికారమూ ఉండలేదు, నేను పిలిచాను, మీరు వచ్చారు, అంతే. నన్ను నిందించకండి, మిమ్మల్ని మీరే నిందించుకోండి అనే భావం వచ్చేలా మాట్లాడతాడు. సోదరులారా, అతని ఆయుధం పిలుపు మాత్రమే. ఖుర్ఆన్ చివరి సూరా అతనిని గుండెలలో గుసగుసలు వేసి వెనక్కి జారుకొనేవానిగా వర్ణిస్తుంది.

సుననె అబూదావూద్‌లో ఒక సంఘటన ఉన్నది. దైవప్రవక్త (స) వెనుక వాహనం మీద కూర్చున్న ఒక సహచరుడు, జంతువు కాలు తడబడగానే షైతానును శపించాడు. ప్రవక్త (స) అతనిని వారించారు. అలా అంటే షైతాను తన బలంతోనే అది జరిగిందని భావించి ఇల్లంత ఉబ్బిపోతాడనీ, దానికి బదులు బిస్మిల్లాహ్ అంటే ఈగంత కుంచించుకుపోతాడనీ ఆయన బోధించారు. మన ఇళ్లలో జరుగుతున్నది ఏమిటో ఆలోచించండి. బర్రె పాలివ్వకపోతే ఎవరో చేశారు. మోటారు కాలిపోతే ఎవరో చేశారు. పెళ్లి కుదరకపోతే ఎవరో చేశారు. ఇలా అన్న ప్రతిసారీ ఈగను మనమే ఇల్లంత చేస్తున్నాము.

ఇస్లాం కాదన్నది ఎంత?

మొదటిది: చనిపోయినవారు దయ్యాలై తిరుగుతారనే నమ్మకం. మరణించినవారికీ ఈ లోకానికీ నడుమ పునరుత్థాన దినం వరకు ఒక అడ్డుతెర, అంటే బర్జఖ్, ఉన్నదని ఖుర్ఆన్ (23:100) తెలిపింది. హత్యకు గురైనవాని ఆత్మ గుడ్లగూబై అరుస్తుందని అరబ్బులు నమ్మేవారు. ఆ నమ్మకాన్నీ, శకునాలనూ ప్రవక్త (స) కొట్టివేశారు. ఆయన పసికందు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే పట్టిందని ప్రజలు అనుకోగా, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ ప్రకటించారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన తనకు గౌరవం తెచ్చిపెట్టే ఒక మూఢనమ్మకాన్ని నిలువనివ్వలేదు.

రెండవది: జిన్నులకు అగోచర జ్ఞానం ఉన్నదనే నమ్మకం. సులైమాన్ (అ) చేతికర్ర మీద ఆనుకొని మరణించినప్పుడు, ఆయన ఆజ్ఞతో కఠినమైన చాకిరీ చేస్తున్న జిన్నులకు ఆ సంగతి తెలియలేదు. పురుగు కర్రను తిని ఆయన దేహం ఒరిగినప్పుడే తెలిసింది. తమకు అగోచరం తెలిసి ఉంటే ఆ చాకిరీలో ఉండేవారే కాదని అప్పుడు స్పష్టమైంది (34:14). ఎదురుగా నిలిచి ఉన్న మనిషి బతికి ఉన్నాడో లేదో తెలియని జాతి, నీ ఇంట్లో ఎవరు ఏమి పూడ్చిపెట్టారో చెబుతుందా? అందుకే జోస్యం చెప్పేవాని దగ్గరకు వెళ్లి అడిగినవాని నలభై రోజుల నమాజు స్వీకృతం కాదని సహీహ్ ముస్లింలోని హదీసు హెచ్చరిస్తున్నది.

మరి సిహ్ర్, అంటే చేతబడి, లేదా అని మీరు అడగవచ్చు. ఉన్నదని ఖుర్ఆన్ (2:102) చెప్పింది. దానిని నేర్వడమూ చేయించడమూ మనిషిని నాశనం చేసే ఏడు మహాపాపాలలో ఒకటని హదీసు చెప్పింది. అల్లాహ్ అనుమతి లేనిదే దానితో ఎవరికీ హాని జరగదని కూడా ఆ ఆయతే చెప్పింది. అయితే లోకంలో దొంగతనం ఉన్నంత మాత్రాన మన పొరుగువాడు దొంగ అయిపోడు. దొంగ అనాలంటే సాక్ష్యం కావాలి. షరీఅత్‌లో రుజువు చూపవలసిన భారం ఆరోపించినవాని మీదనే ఉన్నది.

కొందరు అంటారు: పూనకం వచ్చిన మనిషి తానే ఆ పేరు చెప్పింది కదా! సోదరులారా, ఆ మాట రోగిది అయితే అది రోగం పలికించిన మాట. జిన్నుది అయితే అది మనం చూడలేని, ఎవరో ఎరుగని ఒక సాక్షి మాట. జకాతు ధాన్యం దగ్గర పట్టుబడిన షైతాను ఒక్క నిజం చెప్పినప్పుడు, అతడు స్వభావరీత్యా అబద్ధాలకోరేనని ప్రవక్త (స) అబూహురైరా (రజి)కు గుర్తుచేశారు. అబద్ధాలకోరు సాక్ష్యంతో ఒక ముసలమ్మకు శిక్ష విధించడం ఏ న్యాయం?

నింద ఎంత దూరం వెళుతుంది?

ఈ నింద మొదట ఎవరి మీద పడిందో మరువకండి. మక్కా పెద్దలు దైవప్రవక్త (స)నే మాంత్రికుడన్నారు. జిన్ను పట్టినవాడు అనే అర్థంలో మజ్నూన్ అన్నారు. పూర్వ ప్రవక్తలందరికీ వారి జాతులు ఇవే రెండు పేర్లు పెట్టాయని ఖుర్ఆన్ (51:52) చెబుతున్నది. ఈసా (అ) దయ్యాల అధిపతి సాయంతోనే దయ్యాలను వెళ్లగొడుతున్నాడని ఆయన విరోధులు అన్నట్లు సువార్తలలో ఉన్నది. తన ప్రవక్త మీదనే పడిన నిందను మరొకరి మీద వేయడానికి ఒక ముస్లిం నాలుక ఎలా కదులుతుంది?

ఐరోపాలో సుమారు 1450 నుండి 1750 వరకు మంత్రగత్తెల పేరిట సాగిన విచారణలలో నలభై, యాభై వేల మందికి మరణశిక్ష పడిందని చరిత్రకారుల అంచనా. వారిలో అధికులు స్త్రీలు. 1692లో అమెరికాలోని సేలం అనే ఊరిలో 19 మందిని ఉరితీశారు. ఆ తీర్పులు చెప్పినవారు చదువురాని వారు కారు, న్యాయాధికారులు.

అది దూరదేశం, పాతకాలం అనుకొందామా? 2019 సెప్టెంబరులో హైదరాబాద్ శివారు శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో, ఒక స్త్రీ మరణానికి కారకుడని అనుమానించి ఒక యువకుని చంపి ఆమె చితి మీదనే వేశారు. 2022 జనవరిలో, మన పాత కరీంనగర్ జిల్లాలోనిదే అయిన జగిత్యాలలో, మంత్రాలు చేస్తున్నారనే అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ కులపెద్దల సమావేశం దగ్గరే నరికి చంపారు. అన్యాయంగా ఒక్క ప్రాణం తీయడం సమస్త మానవాళినీ చంపడం వంటిదని ఖుర్ఆన్ (5:32) నిర్ణయించింది. నది అవతల మహారాష్ట్రలో 2013లోనే ఇందుకు ప్రత్యేక చట్టం వచ్చింది. దాని కోసం ఏళ్ల తరబడి శ్రమించిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ అదే ఏడాది ఆగస్టు 20న పుణెలో హత్యకు గురైన తరువాతనే అది సాధ్యమైంది.

మన ఇంటి లోపలి సంగతి

ఇతరుల తప్పులు లెక్కించి మనం తప్పించుకోలేము. తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు వచ్చే మానసిక రోగుల కోసం ఆ చుట్టుపక్కల ప్రైవేటు వసతులు వెలిశాయి. రోగులు పారిపోకుండా వారిని గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక పాకకు నిప్పంటుకొన్నది. గొలుసులు తెంచుకోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ చేర్చినది శత్రువులు కారు. నయమవుతుందని ఆశపడిన కన్నవారూ, తోబుట్టువులే. నేడు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం రోగిని ఏ విధంగానైనా గొలుసుతో కట్టడం నిషిద్ధం. షరీఅత్‌లో మనిషి గౌరవం అంతకు ముందునుండే ఉన్నది.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. మేము ఇమామత్ చేపట్టిన తొలి ఏళ్లలో ఒక పల్లెలో ఒక అబ్బాయికి తరచుగా మూర్ఛలు వచ్చేవి. బయటి నుండి వచ్చిన ఒక ఆమిల్ ఫలీతా వెలిగించి, నిమ్మకాయలు కోసి, ఒక అక్షరం చెప్పిపోయాడు. ఆ అక్షరంతో పేరు మొదలయ్యే వృద్ధురాలు ఆ వాడలోనే ఉండేది. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోనివ్వలేదు. ఆ సంగతి మాకు తెలుసు. మన పని నమాజు చేయించడమే కదా అనుకొని ఊరుకొన్నాము. ఆమె ఇల్లు విడిచి కూతురి ఊరికి వెళ్లిపోయింది. తరువాత ఆ అబ్బాయిని వరంగల్‌లో డాక్టరుకు చూపించారు. మాత్రలతో మూర్ఛలు అదుపులోకి వచ్చాయి. ఇప్పుడు అతడు పిల్లల తండ్రి. ఆ వృద్ధురాలు మాత్రం మళ్లీ ఆ ఊరు చూడకుండానే కన్నుమూసింది. ఆమెను క్షమాపణ అడిగే అవకాశం మాకు దక్కలేదు. ఈ ఖుత్బా చెప్పడానికి అది కూడా ఒక కారణం.

రోగాన్ని రోగంగా చూడండి

మనది అడవి ప్రాంతం. మలేరియా మెదడుకు ఎక్కితే మనిషి పలవరిస్తాడు, ఎవరినీ గుర్తుపట్టడు, ఫిట్లు వస్తాయి. కట్లపాము రాత్రిపూట నేల మీద నిద్రించేవారిని కాటు వేస్తే నొప్పి అంతగా తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి ఆడదు. దీనిని సోకు అనుకొని మంత్రం వేయిస్తూ కూర్చుంటే విషానికి విరుగుడు ఇచ్చే సమయం దాటిపోతుంది. కొందరు బాలింతలకు ప్రసవమైన కొద్ది రోజులకే నిద్ర పోయి, లేనిపోని మాటలు వినిపించి, మతి చలిస్తుంది. అది ప్రమాదకరమైన జబ్బు, వైద్యంతో నయమయ్యే జబ్బు. నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు, కాళ్లు చేతులు కదలనట్లు అనిపించడం కూడా నిద్రకు సంబంధించిన ఒక స్థితి మాత్రమే.

మూర్ఛరోగంతో బాధపడే ఒక స్త్రీ ప్రవక్త (స) వద్దకు వచ్చిన సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఆయన ఆమెను కొట్టించలేదు, కట్టించలేదు, ఎవరు చేశారని విచారించలేదు. సహనం వహిస్తే స్వర్గం, కోరితే స్వస్థత కోసం దువా అని రెండు దారులు చూపారు. ఆమె సహనాన్నే ఎంచుకొని, మూర్ఛ వచ్చినప్పుడు తన వస్త్రం తొలగకుండా దువా చేయమని మాత్రం కోరింది. ఆయన చేశారు. రోగికి కావలసినది మర్యాద అని ఆ దువా మనకు నేర్పుతున్నది. వైద్యం చేయించుకోండని ఆదేశించినదీ ఆయనే.

కనుక మేము చెప్పేది ఇది. ఆయతుల్ కుర్సీ పఠించండి. పడుకొనే ముందు చివరి మూడు సూరాలు చదివి అరచేతులలో ఊది ఒళ్లంతా తుడుచుకోవడం ప్రవక్త (స) సున్నత్. ఊదించుకోవడానికి మస్జిదుకు రండి, దానికి మేము పైసా తీసుకోము. అయితే జ్వరం, ఫిట్లు, పాముకాటు అయితే ముందు ఆసుపత్రికి వెళ్లండి. దువా దారిలో కూడా చేయవచ్చు. మనసు చెదిరినవారి కోసం 14416 అనే ఉచిత నంబరు ఉన్నది, తెలుగులో మాట్లాడతారు. కొట్టేవానినీ, కారం పొగ పెట్టేవానినీ, స్త్రీని ఒంటరిగా గదిలోకి రమ్మనేవానినీ, వేలకు వేలు అడిగేవానినీ గడప తొక్కనివ్వకండి. అన్నింటికంటే ముందుగా, పేరు చెప్పేవానిని.

పూడ్చివేసిన బావి

ఇక ఆ పెద్దల ప్రశ్నకు జవాబు. ఎవరు చేశారు?

మదీనాలో లబీద్ బిన్ ఆసమ్ అనేవాడు దైవప్రవక్త (స) మీద సిహ్ర్ చేశాడు. దువ్వెన, దానికి అంటిన వెంట్రుకలు, ఖర్జూరపు పూత పొరలో చుట్టి ఒక బావిలో దాచాడు. చేసినది ఎవరో, దాచినది ఎక్కడో అల్లాహ్ తన ప్రవక్తకు తెలియజేశాడు. ఇది నిమ్మకాయ చెప్పిన జవాబు కాదు, ఆమిల్ చెప్పిన అక్షరం కాదు. ఇందులో అనుమానానికి తావే లేదు. అప్పుడు ఆయన ఏమి చేశారు? తనకు అల్లాహ్ స్వస్థత ప్రసాదించాడనీ, ప్రజలలో కీడు రేపడం తనకు ఇష్టం లేదనీ అన్నారు. బావిని పూడ్పించారు. ఈ సంగతి ఆయిషా (రజి) ద్వారా సహీహ్ బుఖారీలో మనకు చేరింది.

సోదరులారా! సత్యం తెలిసిన ప్రవక్త (స) బావిని పూడ్చారు. ఏమీ తెలియని మనం ఊరి నడుమ కొత్త బావులు తవ్వుతున్నాము. ఆరాధించబడతాననే ఆశ షైతాను వదులుకొన్నాడు గాని, మనుషుల మధ్య చిచ్చు పెట్టగలననే ఆశ వదులుకోలేదని హదీసు హెచ్చరించింది. అతడు పొరుగింటి ముసలమ్మ దేహంలో కూర్చొని ఉన్నాడని మనం వెతుకుతున్నాము. అతని స్థానం మన గుండెలో మెదిలే అనుమానంలో ఉన్నది. అనుమానాలలో కొన్ని పాపమని హుజురాత్ సూరా 12వ ఆయతు స్పష్టంగా చెప్పింది.

ఈ రోజు ఇక్కడి నుండి వెళ్లేటప్పుడు ఒక పని చేయండి. ఇటువంటి మాట పడి ఒంటరి అయినవారు మీ వాడలో ఎవరైనా ఉంటే, వారి మతం ఏదైనా సరే, వారి ఇంటికి వెళ్లి సలాం చెప్పండి, లేదా నమస్కారం చెప్పండి. వారి చేతి నీళ్లు తాగండి. నలుగురు చూసేటట్లు తాగండి.

ఓ అల్లాహ్! కనిపించే కీడు నుండీ కనిపించని కీడు నుండీ మమ్మల్ని కాపాడు. మా నాలుకల కీడు నుండి మా పొరుగువారిని కాపాడు. మా రోగులకు స్వస్థత ప్రసాదించు. మేము మౌనంగా ఉండి చేసిన అన్యాయాలను మన్నించు. అన్యాయంగా నిందపడి ఈ లోకం విడిచినవారికి నీ దగ్గర న్యాయం చేకూర్చు. ఆమీన్.